పోపుల డబ్బాలో కుందేలు బొచ్చు

మా మేనత్త పోయిన నెలకి టౌరంగా నుంచి కిరణ్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి, అక్కడి తెలుగువాళ్ళ సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. "అక్కా, ఆంటీ మీద ఒక ట్రిబ్యూట్ వీడియో చేద్దామనుకుంటున్నాం. న్యూజిలాండ్‌లో ఫ్లై ఫిషింగ్ చేసిన ఫస్ట్ తెలుగు లేడీ కదా! ఆంటీ ఫ్లై బాక్స్ ఒక్కసారి చూపిస్తే చాలు, క్లోజప్‌లో తీసుకుంటాం," అన్నాడు. ఫస్టో కాదో ఎవరు తేల్చారో నాకు తెలీదు. మనవాళ్ళలో పోయినవాళ్ళందరూ ఏదో ఒకదానిలో మొదటివాళ్ళే. బతికుండగా ఈ సంఘాలవాళ్ళు ఆవిణ్ణి పిలిచింది ఒక్కసారే, అదీ ఉగాది పచ్చడి కలపడానికి మనిషి తక్కువైతే. ఆవిడ వెళ్ళలేదు. వచ్చే శనివారం ఆవిడ ఇంటికి రమ్మని కిరణ్‌కి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, ఆ పెట్టె తెరిచి చూడటానికి నాకూ ఒక సాకు కావాలి.

ఈ కిరణ్ చేపలు పట్టే విధానం నేను ఫోన్‌లో చూశాను. ఛాతీ దాకా వచ్చే కొత్త రబ్బరు ప్యాంటు, ఒళ్ళంతా జేబులే ఉన్న కోటు, నల్ల కళ్ళద్దాలు. వెనక వీణ వాయిస్తుంటారు. చేప దొరకగానే దాన్ని రెండు చేతులా కెమెరా మీదికి చాచి పట్టుకుంటాడు. అలా పట్టుకుంటే గుప్పెడు చేప కూడా గండుచేపలా కనిపిస్తుంది. అది నోరు తెరిచి కొట్టుకుంటూ ఉంటే, "ఫ్రెండ్స్, ఫిషింగ్ మనకి నేర్పేది పేషెన్స్," అని ఉపన్యాసం మొదలెడతాడు. ఆ పేషెన్స్ నేర్చుకుంటున్నది పాపం ఆ చేపే. ఇక అతను వాడే ఫ్లైలు దుకాణంలో కొన్నవి, తళతళ మెరిసే ప్లాస్టిక్ పీచుతో చేసినవి. పెళ్ళి మండపంలో మిగిలిపోయిన తళుకులు చుట్టినట్టుంటాయి.

ఫ్లై అంటే ఏమిటో తెలియని పాఠకులకి రెండు మాటలు చెప్పాలి. ఇక్కడి చల్లటి సెలయేళ్ళలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. నీటి అడుగున రాళ్ళ కింద పాకే చిన్న చిన్న పురుగులు దాని తిండి. అందుకని గోరంత కొక్కేనికి జంతువు బొచ్చు, దారం, సన్నటి తీగ చుట్టి, ఆ పురుగుని పోలినదాన్ని తయారుచేసి ఏట్లోకి విసురుతారు. ఆ తయారీని కట్టడం అంటారు. మా అత్తయ్య కట్టింది జీవితమంతా ఒకే రకం. అడవి కుందేలు బొచ్చు, రాగి తీగ, అంతే. ఇక్కడివాళ్ళు దాన్ని హేర్ అండ్ కాపర్, అంటే కుందేలూ రాగీ, అంటారు. ఆవిడ కుందేలు పురుగు అనేది. మిగతా రకాలన్నీ చేపల కోసం కాదు, కొనేవాళ్ళ కోసం తయారుచేసినవని ఆవిడ తీర్మానం.

నేను చదువుకోవడానికి హామిల్టన్ వచ్చిన రోజున ఆవిడే ఆక్లండ్ ఎయిర్‌పోర్టుకి వచ్చింది. అత్తయ్య నాన్నకి అక్క, కాకినాడ మనిషి. హాస్పిటల్ ల్యాబ్‌లో రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చునే ఉద్యోగం. మావయ్య అప్పటికే పోయాడు. దారిలో పొలాల మధ్య ఉన్నట్టుండి కారు పక్కకి ఆపింది. డోర్ జేబులోంచి రబ్బరు గ్లవ్స్ తీసి తొడుక్కుంది. రోడ్డు వారగా ఏదో వాహనం కింద పడి చచ్చిన పెద్ద కుందేలొకటి ఉంది. దాన్ని చెవులు పట్టుకుని తెచ్చి, ఒక సంచిలో చుట్టి, నా సూట్‌కేసు పక్కన పెట్టింది. ఆ సూట్‌కేసులో అమ్మ కట్టి ఇచ్చిన సున్నుండలు ఉన్నాయి.

"అత్తయ్యా, అది చచ్చిపోయింది కదా!" అన్నాను.

"మరి బతికున్నదైతే కారెక్కుద్దేంటే?" అంది.

అప్పట్లో హామిల్టన్ శివారులోని రొటోటూనా అంటే సగం ఇళ్ళు, సగం ఆవులు. అత్తయ్య ఇల్లు చివరి వీధిలో ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే కంచె, కంచె అవతల గడ్డి. ఆ ఇంట్లో వాసనలు ఇప్పటికీ నా ముక్కుకి గుర్తే. పొద్దున్నే కాఫీ డికాక్షన్, దాని వెనకే గ్యారేజీలోంచి ఉప్పూ పటికా పట్టించి బల్లకి మేకులు కొట్టి ఆరబెట్టిన కుందేలు తోలు, ఆ పైన లవంగం. లవంగం వంటలోది కాదు. అత్తయ్య పెళ్ళికి రెండు స్టీలు పోపుల డబ్బాలు వచ్చాయట. ఒకటి పొయ్యి పక్కన ఉండేది, ఆవాలూ మెంతులూ మినప్పప్పుతో. రెండోది హాల్లో కిటికీ కింద బల్ల మీద ఉండేది. అందులో ఒక గిన్నెలో కుందేలు బుగ్గ మీది లేత గోధుమరంగు బొచ్చు, ఒక గిన్నెలో చెవుల మీది పొట్టి గరుకు బొచ్చు, ఒక గిన్నెలో కట్టే పురుగు తోక కోసం వీపు మీది పొడుగు వెంట్రుకలు, ఇంకోదాంట్లో పాడైన ఫ్యాన్ మోటారు విప్పి తీసిన రాగి తీగ. నడిమి గిన్నెలో లవంగాలు, బొచ్చుకి పురుగు పట్టకుండా. కలరా ఉండలు వేస్తే ఆ కంపు నీళ్ళలోకి కూడా వస్తుందని ఆవిడ ఒప్పుకునేది కాదు. "చేపకి పట్టుచీరల బీరువా వాసన ఎందుకే?" అనేది.

నిజానికి ఈ చేపల పిచ్చి మావయ్యది. పాపం ఆయన కొనని సామాను లేదు, పట్టిన చేపా లేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి సాయంత్రం ఉత్త చేతుల్తో వచ్చి గాలి ఎదురుగా ఉందనో, ఏట్లో నీళ్ళు మరీ తేటగా ఉన్నాయనో చెప్పేవాడట. ఆయన పోయాక అత్తయ్య ఆ సామానంతా అమ్మేద్దామని బయటికి తీసి, ఒకసారి ప్రయత్నించి చూసింది. మొదటిరోజే రెండు చేపలు పడ్డాయి. "ఇంత సుళువైన పని కూడా చేతకాలేదు ఆ మనిషికి," అనేది. ఆవిడ ఆయన్ని తలుచుకోవడం నేను విన్నది ఎప్పుడూ ఆ మాటతోనే. ఆ మాట అన్నప్పుడల్లా మావయ్య గాలం కర్రని బట్టతో తుడుస్తూ ఉండేది.

అత్తయ్యకి నచ్చిన మనిషి నాకు కనపడలేదు. చేపని పట్టి ముద్దు పెట్టుకుని వదిలేసేవాళ్ళంటే ఆవిడకి అసహ్యం. పట్టి పారేసేవాళ్ళంటే ఇంకా అసహ్యం. పట్టినదాన్ని పులుసు పెట్టుకుని, "గోదారి చేప తిన్న నోటికి ఇది దూదే," అంటూ మొత్తం తినేది. మనవాళ్ళైతే ఇక చెప్పక్కర్లేదు. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఆయన భార్య ముందు చెప్పకుండా భోజనానికి వచ్చారు. ఇద్దరూ ఉల్లిపాయ కూడా ముట్టనివాళ్ళు. హాల్లో కూర్చుని, నోరులేని జీవాల్ని చంపితే వచ్చే పాపం గురించి మా అత్తయ్యకి నిదానంగా వివరిస్తున్నారు. నేను కంగారుగా ఇడ్లీ పెట్టి, అరలో కనిపించిన మిక్సీ చిన్న జారు తీసి కొబ్బరీ పచ్చిమిరపకాయలూ వేసి తిప్పేశాను. ఆ జారులోనే అత్తయ్య కుందేలు బుగ్గ బొచ్చూ చెవి బొచ్చూ కలిపి తిప్పుతుందని నాకప్పటికి తెలీదు. అడుక్కి అంటుకుని ఉన్నది నాకు కనపడలేదు.

వాళ్ళు తిన్నారు. ఆయన నాలుగో ఇడ్లీ దగ్గర ఆగి, నాలిక మీదనుంచి ఏదో తీసి వెలుతురులో చూశాడు.

"పీచు తగులుతోందండీ," అన్నాడు.

అత్తయ్య ఆ జారు వైపు చూసింది, నా వైపు చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. "కొబ్బరి ముదురుదండి. ఈ దేశంలో లేతది ఎక్కడ దొరుకుద్ది చెప్పండి," అంది.

"ఏదేమైనా రుచి భలే ఉందండీ. ఏం వేశారు?" అని ఆయన భార్య అడిగి ఇంకొంచెం వేయించుకుంది. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగేదాకా అత్తయ్య గుమ్మంలోనే నిలబడి, లోపలికొచ్చి జారు తీసి చూసుకుంది. నేను ఏడుపు మొహం పెట్టాను. "ఇంత మేలురకం చెవి బొచ్చు మళ్ళీ ఎప్పుడు దొరుకుద్దే? అంతా పోయి ఆ మనిషి కడుపులో పడింది," అని నిజంగానే బాధపడింది. ఆ ఒక్కరోజు మాత్రం రాత్రి పడుకోబోయేదాకా ఆగి ఆగి నవ్వుతూనే ఉంది.

కట్టడం నాకు ఆవిడే నేర్పింది. నేర్పింది అనడం కూడా ఎక్కువే, పక్కన కూర్చుంటే పొమ్మనలేదు. కొక్కేన్ని బల్లకి తగిలించే చిన్న బిగింపులో పెట్టాలి. దారం చుట్టి, తోకకి నాలుగు వెంట్రుకలు కట్టాలి. మైనం రాసిన దారానికి బొచ్చుని రెండు వేళ్ళ మధ్య నలిపి వత్తి చేసినట్టు పట్టించి, వెనక నుంచి ముందుకి చుట్టుకుంటూ రావాలి. దాని మీద రాగి తీగ ఎడంగా చుట్టాలి. ముందు భాగంలో బొచ్చు ఒత్తుగా పెట్టి, చివర సూదితో గీరితే వెంట్రుకలు కాళ్ళలా బయటికి వస్తాయి. ఆఖర్న దారంతో తల కట్టి ముడి వేయాలి. చూస్తే ఏమీ లేదు, వత్తులు చేసుకునే చేతికి రావలసిన పనే. నేను ప్రతి ఆదివారం ఒకటి కట్టి ఆవిడ ముందు పెట్టేదాన్ని. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి, "తల లావైంది," అనేది. తర్వాత బ్లేడుతో మొత్తం కోసి కొక్కెం నా చేతిలో పెట్టేది. ఇంకో తప్పు ఎప్పుడూ చెప్పలేదు. ఎలా సన్నం చేయాలో కూడా చెప్పలేదు.

ఆవిడకి ఒక అల్యూమినియం పెట్టె ఉండేది, మావయ్యదే. లోపల బెండు అంటించి ఉంటుంది, అందులో వరసలుగా కుందేలు పురుగులు గుచ్చి ఉండేవి, అన్నీ ఒక్కలాగే. చదువులో నాకు మంచి మార్కులు వచ్చేవి, పార్ట్‌టైమ్ ఉద్యోగంలో మేనేజరు మెచ్చుకునేవాడు, అవేవీ నాకు ఆనలేదు. నేను కట్టినది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ పెట్టెలో ఉండాలి. ఇరవై ఏళ్ళ వయసులో నాకున్న కోరిక అదొక్కటే అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వాళ్ళకి గోరింటాకు పెట్టుకున్నా, గుడ్డు ఉడకబెట్టినా మెచ్చుకునేవాళ్ళు ఫోన్‌లోనే సిద్ధంగా ఉంటారు. ఒక్క మనిషి మెప్పు కోసం అంతకాలం కాచుకోవడం ఏమిటో వాళ్ళకి తెలీదు. అది మంచిదని కూడా నేను చెప్పను.

ఒకరోజు పుటారురు అనే ఊరు దాటాక ఉన్న ఏటికి వెళ్ళాం. నీళ్ళు అడుగు దాకా కనిపించే ఏరు. ఒడ్డున విల్లో చెట్లు నీటి మీదికి వంగి ఉంటాయి. ఆవిడ పెట్టె ఇంట్లో మరిచిపోయింది, టోపీకి గుచ్చుకున్నవి మాత్రమే ఉన్నాయి. ఆ రోజు గాలి బాగా ఉంది. విసిరినప్పుడల్లా కొమ్మకి తగులుకుని తెగిపోతూ, చివరిది కూడా చెట్టుకే పోయింది. ఎదురుగా మడుగులో పెద్ద చేప ఒకటి మా కళ్ళముందే అటూ ఇటూ ఊగుతూ మేస్తోంది. నా టోపీకి నేను కట్టింది ఒకటి ఉంది. వారమంతా కూర్చుని కట్టింది, ఆవిడకి ఇంకా చూపించనిది. తీసి అరచేతిలో పెట్టి చాచాను. ఆవిడ చూసింది. చేప వైపు చూసింది. మళ్ళీ నా చేతిలోకి చూసింది.

"పద, ఇంటికి పోదాం," అని దారం చుట్టేసుకుంది.

కారులో నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆవిడకి తెలుసు. ఇంటికెళ్ళాక మిరియాల చారు పెట్టి, అప్పడాలు వేయించి, నాకు ముందు వడ్డించింది. ఆ చారు నాకు ఎంత ఇష్టమో, ఆ రాత్రి ఆవిడంటే అంత కోపం.

తర్వాత ఆక్లండ్‌లో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, టకానినిలో ఇల్లు కొన్నాం. ఒక పక్క రైలు, ఒక పక్క మోటార్‌వే, మధ్యలో అచ్చు గుద్దినట్టుండే ఇళ్ళ వరసలో మాది ఒకటి. బొచ్చూ రాగి తీగా అత్తయ్య ఇంట్లోనే వదిలేశాను గానీ ఆవిడ నోరు మాత్రం నాతో తెచ్చుకున్నాను. మా ఆయన బజారు పొడితో పెట్టిన సాంబారు నుంచి, పిల్లలు కంప్యూటర్‌తో రాయించిన స్కూలు వ్యాసాల దాకా, నా నోటికి దొరకనిది లేదు. అత్తయ్య దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మేమిద్దరం కాఫీ కలుపుకుని కూర్చుని లోకాన్ని చీల్చి చెండాడేవాళ్ళం. కిరణ్ వీడియోలు నేను చూపిస్తే, అప్పటికే చూపు మందగించిన ఆవిడ ఫోన్ ముక్కుకి ఆనించుకుని, "ఏంటే ఆ తళుకులు?" అని అడిగేది. నేను వర్ణించి చెప్పి పడీ పడీ నవ్వేదాన్ని. ఆవిడా నవ్వేది. కంటి మధ్యలో చూపు పోయే జబ్బు ఆవిడది, అంచులు మాత్రం కనిపిస్తాయట. చేపలు పట్టడం ఎందుకు మానేశావంటే కళ్ళ మాట ఎత్తలేదు. "ఏటినిండా ఆవుల పేడే. ఆ నీళ్ళలో ఎవడు దిగుతాడు?" అంది. నేను నమ్మాను.

కిరణ్ వస్తానన్న రోజుకి ముందురోజు రొటోటూనా వెళ్ళాను. తాళం శిరీష దగ్గర ఉంది. శిరీష కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే వృద్ధుల్ని చూసుకునే పనిలో స్థిరపడిన అమ్మాయి. చివరి రెండేళ్ళూ అత్తయ్యని చూసుకుంది తనే. అల్యూమినియం పెట్టె బల్ల మీదే ఉంది. తెరిచాను. తుప్పు పట్టిన కొక్కేలు రెండు మూలకి పడి ఉన్నాయి. మిగతా బెండంతా ఖాళీ. గుచ్చి తీసిన కన్నాలు మాత్రం వరసగా ఉన్నాయి. ఉన్నవన్నీ ఏట్లో పోగొట్టుకుంది, కొత్తవి కట్టలేకపోయింది. నేను అలా చూస్తూ ఉండగా శిరీష కారు దగ్గరికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది.

"అక్కా, ఇది గూడ ఆంటీదే. నా కార్లనే ఉండిపోయింది," అంది.

డబ్బా నిండా దుకాణం ఫ్లైలు. నారింజ రంగు పూసలు, మెరిసే పీచు, రబ్బరు కాళ్ళు. కిరణ్ వాడే సరుకే.

"ఆంటీ ఇవి వాడేదా?" అన్నాను.

"ఆఁ. ఎండ మంచిగున్ననాడు ఏటికి తోల్కపొమ్మంటుండె. ఒడ్డున కుర్చేసి కూసోబెడ్తుంటి. గోధుమరంగుయి కనపడ్తలేవని, గీ పూసలున్నయి తెమ్మన్నది. నేనే షాపుల కొనుక్కొచ్చిన." చెప్పాలో వద్దో అన్నట్టు నా వైపు చూసింది. "మీరొస్తున్నరని ఫోన్ రాంగనే ఈ డబ్బ తీస్కపోయి కార్ల పెట్టమంటుండె. ఎందుకాంటీ అంటే, మా తమ్ముని బిడ్డ చూస్తే నవ్వుతది అన్నది."

శిరీష వెళ్ళాక చాలాసేపు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదట వచ్చింది కోపమే. ఎదురుగా చేప మేస్తుంటే నా చేతిలోదాన్ని కాదని ఇంటికొచ్చేసిన మనిషి, ఈ ప్లాస్టిక్ చెత్త కట్టుకుని విసిరిందా? నాకొక్క ఫోన్ చేస్తే, తల లావో సన్నమో, సంచి నిండా కట్టి తెచ్చేదాన్ని కదా! ఆ తర్వాత ఆ ముసలామె గుర్తొచ్చింది, నా కారు చప్పుడు వినపడే లోపల ఈ డబ్బా దాచేయమని కంగారు పడుతూ. ఆవిడ జీవితంలో ఎవరికీ భయపడలేదు. చివరికి భయపడింది నా నవ్వుకి. ఆ నవ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు.

పోపుల డబ్బా కిటికీ కింద అలాగే ఉంది. మూత తీస్తే లవంగాల ఘాటు గుప్పుమంది. కట్టలేని మనిషి లవంగాలు మాత్రం మార్పిస్తూనే ఉంది. బొచ్చు నిన్న తీసినంత శుభ్రంగా ఉంది. చదువుకునే కళ్ళద్దాలు పెట్టుకుని, బిగింపు బల్లకి తగిలించి కూర్చున్నాను. మొదటిది వదులుగా వచ్చింది. తర్వాత వేళ్ళకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, నలపడం, చుట్టడం, గీరడం. టకానిని నుంచి మా ఆయన ఫోన్ చేసి ఎప్పుడొస్తావంటే పనుందన్నాను. వెలుతురు ఉన్నంతసేపు కట్టి, మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ కట్టి, పాత కన్నాల్లోనే ఒక్కొక్కటీ గుచ్చాను. ప్లాస్టిక్ డబ్బా నా హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టి జిప్ వేశాను.

కిరణ్ చెప్పిన టైముకే వచ్చాడు, లైటు ఒకటి, ఇద్దరు అసిస్టెంట్లు. వీడియో కోసమట, సిల్కు కుర్తా వేసుకున్నాడు. అత్తయ్య ఫోటో బల్ల మీద పెట్టి, దండ లేదా అక్కా అని అడిగాడు. లేదన్నాను. పెట్టె తెరవగానే, "వావ్," అన్నాడు. వరసల మీదుగా కెమెరా మెల్లగా నడిపించి, ఒకదాన్ని రెండు వేళ్ళతో పీకి లైటు కింద పెట్టాడు.

"అక్కా, ఇవన్నీ ఆంటీ సొంతంగా కట్టినవేనా?"

"అన్నీ ఆవిడవే," అన్నాను.

"చూడండి ఫ్రెండ్స్, మాస్టర్ చేతి పని. పర్‌ఫెక్షన్ అంటే ఇదీ!" అని దాన్ని కెమెరా గాజుకి తగిలేంత దగ్గరగా పెట్టాడు. అతని వేళ్ళ మధ్య ఉన్నది నేను ముందురోజు కట్టినవాటిలో మొట్టమొదటిది. తల ఇంత లావుంది. అంత లైటు వేసి, అంత దగ్గర పెట్టుకుని కూడా ఆ మూర్ఖుడికి కనపడలేదు. మా అత్తయ్య అయితే, ఆ చూపుతోనే, ఈపాటికి బ్లేడు తెమ్మనేది.